రిపోర్టులో మిల్లీమీటర్లే ఉన్నాయి

పెద్దమ్మ కుట్టు మిషను డ్రాయర్లోంచి టేపు తీసి, చూపుడు వేలి గోరు మీద అడ్డంగా పెట్టుకుని చూసింది. "అయిదంటే ఇంతేనటే! గోరులో సగం," అంది నాకేసి తిరిగి. అప్పటికి రిపోర్టు వచ్చి నాలుగు గంటలైంది. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. టేపు గోరు మీదికి వచ్చేదాకా ఆ అయిదు మిల్లీమీటర్లు ఎంతో మాలో ఎవరికీ కళ్ళకి కట్టలేదు. కట్టాక ధైర్యం వచ్చిందో, భయం పెరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

కళ్ళు తిరుగుతున్నాయని ఎంఆర్‌ఐ తీయిస్తే బయటపడిందది. కళ్ళు తిరగడానికి కారణం చెవిలో ఉందని తేలింది, రెండు వారాల్లో తగ్గిపోయింది కూడా. ఇది మాత్రం మిగిలింది. మెదడు అడుగున, ఎడమ పక్క, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని మొదట్లో 5.2 మిల్లీమీటర్ల అన్యూరిజం, అంటే రక్తనాళం గోడ బుడగలా ఉబ్బిన చోటు. పగల్లేదు. దానివల్ల ఇంతవరకూ ఒక్క ఇబ్బందీ లేదు. పెద్దమ్మకి 58 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. సిగరెట్టు వాసనే ఆవిడకి పడదు.

డాక్టరుగారు ఓపిగ్గానే మాట్లాడారు. చిన్నదే, ఆరు నెలలాగి మళ్ళీ స్కాన్ చేద్దాం, పెరిగితే అప్పుడు చూద్దాం అన్నారు. లేచే ముందు పెద్దమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నాకు నలభై ఆరేళ్ళకే ముట్లుడిగిపోయాయండీ. ఇది ఆ తర్వాత వచ్చిందా, ముందు నుంచీ ఉందా?" ఆయన స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే, "దానికీ దీనికీ సంబంధమేంటమ్మా?" అన్నారు. పెద్దమ్మ నవ్వేసి బయటికొచ్చేసింది. కారెక్కి తలుపేసుకున్నాక, "వెర్రి ప్రశ్న అడిగినట్టున్నాను," అంది.

వెర్రి ప్రశ్న కాదు. కానీ ఆ మాట గట్టిగా అనడానికి నాకు నాలుగు నెలల చదువు పట్టింది.

ఆ వారమే కుటుంబం గ్రూపులో ఇంకో రకం జవాబు వచ్చి పడింది. మెదడులో బుడగలకి అసలు కారణం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోవడమేనట, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పేరుకుపోవడమేనట, రెండిటికీ ఒకే డబ్బాలో మందుందట. కింద ఫోన్ నంబరు. అది పంపినవాళ్ళు ప్రేమకొద్దీ పంపారు, వాళ్ళనేం అనలేం.

ఒకరు సంబంధమే లేదన్నారు, ఇంకొకరు సర్వం అదేనన్నారు. నా మట్టుకు నాకు అర్థమైంది ఇది. సంబంధం ఉంది, బాగానే ఉంది. అయితే సంబంధం ఉందని తెలుసుకోవడానికీ, దాన్ని పట్టుకుని మందు మింగడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం కనపడకుండా చేయడంలో ఆ డాక్టరుగారూ ఆ డబ్బా అమ్మేవాడూ తెలియకుండానే ఒకటయ్యారు.

ఉబ్బు, జబ్బు

అన్యూరిజం అనగానే ఎవరైనా సైకిల్ ట్యూబు పోలికతో మొదలుపెడతారు. ట్యూబులో ఒకచోట రబ్బరు పలచబడింది, గాలి ఒత్తిడికి అక్కడ ఉబ్బింది, ఇంకా ఉబ్బితే పగులుతుంది. వినగానే బుర్రకెక్కుతుంది. మాకు కూడా ఆయన కాగితం మీద బొమ్మేసి ఇదే చెప్పారు. చిక్కేమిటంటే రబ్బరు తనని తాను మరమ్మతు చేసుకోదు. రక్తనాళం గోడ రోజంతా చేసేది ఆ పనే.

మెదడు ధమనుల కట్టుబడి వేరు. మిగతా ఒంట్లో ధమనులకి ఉండే బయటి సాగే పొర వీటికి ఉండదు. పైన కప్పి ఉండే పొర కూడా పలచనే. ఆనుకోవడానికి చుట్టూ కండ లేదు, ద్రవంలో తేలుతూ ఉంటాయి. నాళం రెండుగా చీలే చోట రక్తం వచ్చి గోడకి నేరుగా కొట్టుకుంటుంది. అన్యూరిజంలు పుట్టేది దాదాపుగా ఆ కొమ్మల మొదట్లోనే. అయితే అందరి తలలోనూ అవే కొమ్మలున్నాయి, అందరిలోనూ రక్తం అక్కడే కొడుతోంది. పెద్దవాళ్ళలో 3 శాతం మందికే ఎందుకు వస్తోంది మరి? ఆ 3 శాతంలో కూడా ఎక్కువమందికి జీవితాంతం పగలకుండా ఎందుకు ఉండిపోతోంది?

రక్తం రాపిడిని మొదట పసిగట్టేవి లోపలి పొర కణాలు. మామూలుగా అవి నైట్రిక్ ఆక్సైడ్ వదిలి గోడని మెత్తగా ఉంచుతాయి. రాపిడి శ్రుతి మించి, సంవత్సరాల తరబడి సాగితే వాటి తీరు మారుతుంది. కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీను మేలుకుంటుంది. ఎంసీపీ-1 అనే రసాయనం బయటికి వెళుతుంది. "ఇక్కడ దెబ్బ తగిలింది, రండి" అని కబురు పెట్టడమే దాని పని. కబురందుకుని మాక్రోఫేజ్‌లనే తెల్ల కణాలు గోడలోకి దూరతాయి. పాడైపోయింది తీసేయడం వాటి వృత్తి. తీసేయడానికి ఎంఎంపీలనే ఎంజైములు వదులుతాయి. అవి గోడని పట్టి ఉంచే కోలాజెన్, ఎలాస్టిన్ పోగుల్ని కొరికేస్తాయి. మధ్య పొరలో కండర కణాలు కొత్త కోలాజెన్ అల్లుతూ ఉండాల్సింది పోయి, అవి కూడా ఈ గొడవలోనే చేరిపోతాయి, చివరికి రాలిపోతాయి. ఇల్లు బాగు చేయడానికి వచ్చిన మేస్త్రీలు గోడ కూలగొట్టడం ఒక్కటే చేసి, కట్టడం మర్చిపోయినట్టు.

ఈ గొడవ మొత్తానికీ పేరే ఇన్‌ఫ్లమేషన్. ఇక్కడ మాట గురించి ఒక మాట. మన పత్రికల్లో ఇన్‌ఫ్లమేషన్‌ని "వాపు" అని రాస్తారు. అన్యూరిజం కూడా వాపే. దాంతో "వాపు వల్ల వాపు వచ్చింది" అని తేలుతుంది వాక్యం. అందుకే ఇన్‌ఫ్లమేషన్ అనే ఉంచేశాను. వాపు చూసి బలుపు అనుకోవద్దని మనకో సామెత ఉంది కదా, అన్యూరిజం విషయంలో మనం ఉబ్బు చూసి అదే జబ్బు అనుకుంటున్నాం. ఉబ్బు పైకి కనిపించేది. జబ్బు గోడలో ఉంది. స్కానులో కొలిచేది మొదటిదాన్ని.

2004లో హెల్సింకీ వైద్యులు ఆపరేషన్‌లో తీసిన 66 అన్యూరిజంల గోడలు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. 24 పగలనివి, 42 పగిలినవి. పగిలినవాటిలో లోపలి పొర ఊడిపోయి ఉంది, కండర కణాలు చచ్చిపోయి ఉన్నాయి, మాక్రోఫేజ్‌లూ, టి-కణాలనే ఇంకో రకం తెల్ల కణాలూ ఎక్కువగా చేరి ఉన్నాయి. పగలనివాటిలో కూడా కొన్ని అచ్చం పగిలినవాటిలాగే కనిపించాయి.

చదవగానే నాకొచ్చిన సందేహం మీకూ వచ్చే ఉంటుంది. పగిలి రక్తం చిమ్మితే తెల్ల కణాలు ఎలాగూ పరుగెత్తుకొస్తాయి కదా. ఇన్‌ఫ్లమేషన్ వల్ల పగిలిందా, పగిలినందువల్ల ఇన్‌ఫ్లమేషన్ వచ్చిందా? న్యాయమైన సందేహమే. ఆ గోడల ఒక్క ఫొటోతో అది తీరదు. నన్ను కదిలించింది వేరే దారిలో వచ్చిన ఆధారం. మాక్రోఫేజ్‌లు లేకుండా చేసిన ఎలుకల్లోనూ, ఎంసీపీ-1 లేకుండా పుట్టించిన ఎలుకల్లోనూ అన్యూరిజంలు రావడమే తగ్గింది. అంటే ఆ కణాలు అంతా అయిపోయాక వచ్చిన జనం కాదు, మొదటి నుంచీ ఉన్నవాళ్ళే. మనుషుల్లోనూ ఒక ప్రయత్నం జరిగింది. ఫెరుమాక్సిటాల్ అనే ఇనుము మందు ఎక్కిస్తే మాక్రోఫేజ్‌లు దాన్ని మింగుతాయి, ఎంఆర్‌ఐలో ఆ చోటు కనపడుతుంది. పగలని అన్యూరిజంల గోడల్లోనే కొన్నింటిలో అది కనిపించింది. చూసింది కొద్దిమందినే, నిజమే. కానీ పగలకముందే గోడలో పని జరుగుతోందని చూపించడానికి ఆ కొద్దిమంది చాలు.

యాభై దాటాక తిరగబడే లెక్క

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్న.

అన్యూరిజం పగిలి మెదడు చుట్టూ రక్తస్రావం కావడం చిన్న వయసులో మగవాళ్ళలో ఆడవాళ్ళతో సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. యాభై, యాభై అయిదు ప్రాంతంలో లెక్క తిరగబడుతుంది. ఆ తర్వాత ఆడవాళ్ళలోనే ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ ఆ తేడా అలాగే సాగుతుంది. గుండెపోటుని చూడండి, ముట్లుడిగాక ఆడవాళ్ళు మెల్లగా మగవాళ్ళని అందుకుంటారు. ఇక్కడ అందుకోవడంతో ఆగరు, దాటిపోతారు. ఒకటి కంటే ఎక్కువ అన్యూరిజంలు ఉండటం కూడా ఆడవాళ్ళలోనే ఎక్కువ.

ఆ వయసులో ఆడవాళ్ళలో మారేదేమిటో ఎవరినడిగినా చెబుతారు. ఈస్ట్రోజెన్ పనుల చిట్టా చూస్తే పైన చెప్పిన గోడ కథలో అడుగడుగునా అది ఉంది. లోపలి పొర కణాలతో నైట్రిక్ ఆక్సైడ్ చేయిస్తుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బిని అదుపులో పెడుతుంది. కోలాజెన్ తయారీకి తోడ్పడుతుంది. హార్మోన్లు వేరు, ఇన్‌ఫ్లమేషన్ వేరు అని రెండు కారణాలుగా రాస్తుంటారు గానీ, నాకు చదివినకొద్దీ అది ఒకే కథగా కనపడింది. మేస్త్రీల మీద ఒక పెద్దమనిషి ఉండేవాడు, ఒకరోజు పని మానేసి వెళ్ళిపోయాడు. మేస్త్రీలు వెంటనే గోడ కూల్చేయరు. కానీ ఏదైనా గొడవ మొదలైతే ఆపేవాడు లేడు.

జపాన్‌లో ఎలుకల మీద ఇది పరీక్షించారు. 1978లో క్యోటోలో నొబువో హషిమొటో ఎలుకల్లో బీపీ పెంచి, మెడలో ఒక ధమని కట్టేసి మెదడులో అన్యూరిజంలు తెప్పించే పద్ధతి కనిపెట్టాడు. దరిమిలా వచ్చినవాళ్ళు ఆడ ఎలుకల అండాశయాలు తీసేసి చూశారు. అన్యూరిజంలు పెరిగాయి. ఈస్ట్రోజెన్ ఇస్తే తగ్గాయి. తర్వాత చుంచెలుకల్లో ఇంకో అడుగు వేశారు. ఉన్న అన్యూరిజం పగలడం కూడా ఈస్ట్రోజెన్ ఇచ్చినప్పుడు తగ్గింది.

నా వాదనకి ఎదురు నిలిచే సంగతులూ ఉన్నాయి, దాచను. ఆడవాళ్ళ మెదడు ధమనులు సగటున సన్నగా ఉంటాయి. సన్నటి నాళంలో రాపిడి వేరుగా ఉంటుంది. అన్యూరిజం వచ్చే చోటు కూడా ఆడామగా తేడా బట్టి మారుతుంది. వయసుతో బీపీ పెరుగుతుంది. వీటన్నిటినీ వడగట్టాక హార్మోన్‌కి మిగిలే వాటా ఎంత అన్నది మనుషుల్లో ఇంతవరకూ ఎవరూ తూకం వేసి చూపలేదు. ఎలుకకి మెనోపాజ్ ఒక్క కోతతో వస్తుంది. మనకి ఏళ్ళ తరబడి, ఎక్కుతూ దిగుతూ, ఒకటి రెండు నెలలు మాయమై మళ్ళీ కనపడుతూ వస్తుంది. ఆ రెండూ ఒకటి కావు.

పగిలే అవకాశం లెక్కగట్టడానికి డాక్టర్లు ఎక్కువగా వాడే పట్టీ పేరు ఫేజెస్. 2014లో వచ్చింది. ఆరు అధ్యయనాల్లోని 8,382 మంది వివరాలు కలిపి చేశారు. అందులో చూసేవి ఇవీ: ఏ జనాభా, బీపీ ఉందా, వయసు డెబ్భై దాటిందా, సైజెంత, ఇంతకుముందు ఇంకోటి పగిలిందా, ఏ చోట ఉంది. పెద్దమ్మకి నేనే వేశాను. బీపీకి ఒకటి, చోటుకి నాలుగు, మొత్తం అయిదు. అయిదేళ్ళలో పగిలే అవకాశం 1.3 శాతం. సైజుకి ఆవిడకి వచ్చింది సున్నా, ఎందుకంటే ఏడు మిల్లీమీటర్ల లోపు అంతా సున్నాయే. ఇంటిల్లిపాదీ టేపు పెట్టి చూసుకున్న ఆ అయిదుకి పట్టీలో విలువే లేదు! పగిలి ఆసుపత్రికి వచ్చేవాటిలో మాత్రం ఏడు మిల్లీమీటర్ల లోపువి బోలెడు. ఇందులో వింతేం లేదు. చిన్నవాటిలో పగిలేది బహు కొద్దిమందికే, కానీ చిన్నవి ఉన్నవాళ్ళు అంతమంది.

ఆ పట్టీలో ఆడా మగా అన్న గడి లేదు. కావాలని మర్చిపోయింది కాదు, ఆ లెక్కలో విడిగా తేడా తేలలేదని వదిలేశారు. 2022లో దాదాపు పదివేల మంది వివరాలు కలిపి మళ్ళీ చూస్తే, మిగతా కారణాలన్నీ పక్కన పెట్టాక కూడా ఆడవాళ్ళలో పగిలే రేటు సుమారు 1.4 రెట్లు ఉందని వచ్చింది. ఇక ముట్లుడిగిన వయసు గడి ఏ పట్టీలోనూ నాకు కనపడలేదు.

ఎలుకలకి పనిచేసిన మందు

మరైతే హార్మోన్ మాత్రలు వేసుకుంటే సరిపోతుంది కదా? గ్రూపులో వచ్చిన డబ్బా అడుగుతున్నది ఇదే. నిజం చెప్పాలంటే ఒక దశలో నేనూ అలాగే అనుకున్నాను. తగ్గింది ఎక్కిస్తే పోయేదానికి ఇంత గొడవేంటని.

హార్మోన్ థెరపీ చరిత్ర తెలిసినవాళ్ళకి 2002 గుర్తుంటుంది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరీక్షలో, 16,608 మంది మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ కలిపి ఇస్తున్న భాగాన్ని ముందే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం పెరిగాయి. అంతకు ముందు చాలా ఏళ్ళు, హార్మోన్లు వాడేవాళ్ళకి గుండె బాగుంటుందని పరిశీలనల్లో కనిపిస్తూనే ఉండేది. హార్మోన్లు వాడగలిగినవాళ్ళు మామూలుగానే ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువున్నవాళ్ళు, ఆ తేడా మాత్ర ఖాతాలో పడిందన్నది ఒక వివరణ.

మెదడు అన్యూరిజం రక్తస్రావం విషయంలోనూ ఇదే తంతు. పాత పోలికల్లో హార్మోన్లు వాడిన ఆడవాళ్ళకి ముప్పు తక్కువని వచ్చింది. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లోని ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 2016లో వేసిన లెక్కలో, వాడుతున్నవాళ్ళకే ముప్పు ఎక్కువని తేలింది. ఒకదానికొకటి నేరుగా ఎదురు.

ఎందుకిలా? నాకు నచ్చిన ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోండి. గోడ బాగున్నప్పుడు ఉన్న కాపలా వేరు, గోడ చెడ్డాక తెచ్చిన కాపలా వేరు. ముట్లుడిగిన పదేళ్ళకి, గోడలో సగం కండర కణాలు పోయాక హార్మోన్ ఇస్తే అది ఎవరితో పని చేయించాలి? ఎలుకకి అండాశయాలు తీసిన కొన్నాళ్ళకే ఇచ్చారు. పైగా మాత్రగా మింగింది కాలేయం గుండా వెళ్ళి రక్తం గడ్డకట్టే గుణాన్ని కూడా మారుస్తుంది. గుండె విషయంలో "ఎప్పుడు మొదలుపెట్టారన్నదే ముఖ్యం" అని చాలామంది వాదిస్తున్నది ఈ దారిలోనే.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం భరించలేక డాక్టరు సలహాతో హార్మోన్లు వాడుతున్నవాళ్ళని భయపెట్టడానికి కాదు ఇది. అది వేరే లెక్క, దాని లాభనష్టాలు వేరు. అన్యూరిజం ఉందని తెలిస్తే ఆ సంగతి మందు రాసే డాక్టరుకి చెప్పి తీరాలి, అంతే. అన్యూరిజంకి మందుగా మాత్రం హార్మోన్‌ని ఈరోజు ఎవరు అమ్మినా వాళ్ళు ఎలుకల కథని మనుషులకి అమ్ముతున్నట్టే.

"హార్మోన్లండీ, ఈ వయసులో మామూలే"

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే ఆఫీసులో ఒకావిడతో మాటలు కలిశాయి. నాకంటే పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను. మూడేళ్ళ కిందట ఆవిడకి 51 ఏళ్ళప్పుడు జరిగింది. నెలసరి అప్పటికే గతి తప్పింది. ఒకరోజు మీటింగులో కూర్చుని ఉండగా తలలో "ఎవరో వెనకనించి రోకలితో కొట్టినట్టు" నొప్పి. మెల్లగా ఎక్కింది కాదు, క్షణాల్లో పతాక స్థాయికి వెళ్ళిపోయింది. ఆవిడకి ముప్ఫై ఏళ్ళుగా మైగ్రేన్ ఉంది. మైగ్రేన్ ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. "ఇది అది కాదు అని చెప్పాను. మూడుసార్లు చెప్పాను," అంది.

చూసిన డాక్టరు వయసు అడిగారు, నెలసరి గురించి అడిగారు, "హార్మోన్లండీ, ఈ వయసులో మామూలే" అని నొప్పి మాత్రలు రాసిచ్చారు. అయిదో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే ఎడమ కనురెప్ప సగం వాలిపోయి ఉంది. కాటుక పెట్టుకుందామని రెప్ప ఎత్తితే లోపల నల్లగుడ్డు పెద్దదై, దీపం వేసినా చిన్నది కావడం లేదు. ఈసారి వెళ్ళిన చోట డాక్టరు రెప్ప చూసి కుర్చీలోంచి లేచారట. గంటలో స్కాన్, ఆ రాత్రే కాయిలింగ్, అంటే రక్తనాళం గుండా సన్నటి తీగ చుట్టలు పంపి ఆ ఉబ్బుని లోపలినుంచి పూడ్చేయడం. పెద్దమ్మకి ఉన్న చోటే ఈవిడకీ. ఆ చోటున ఉబ్బితే పక్కనే పోయే కంటి నరాన్ని నొక్కుతుంది, రెప్ప అందుకే వాలుతుంది. మొదటి రోజు నొప్పి తెచ్చింది పెద్ద పగులుకి ముందు వచ్చే చిన్న రక్తపు చిమ్ము.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. పేర్లు మర్చిపోతుంది, అంతే. నన్ను రెండుసార్లు ఇంకో అమ్మాయి పేరుతో పిలిచి నాలుక కరుచుకుంది.

ఆ మొదటి డాక్టరు చెప్పిన మాటలో ఒక ముక్క నిజముంది, అదే విషాదం. మైగ్రేన్‌కీ హార్మోన్లకీ నిజంగానే లంకె ఉంది. ఆ నిజాన్ని తెచ్చి వేరే నొప్పికి తగిలించారు. ఆడవాళ్ళ ఒంట్లో హార్మోన్ అనే మాట వివరణగా మొదలై, విచారణ అక్కడితో ఆపేసే సాకుగా మారిపోతుంది. క్షణాల్లో ఎక్కిన తీవ్రమైన తలనొప్పికి వయసు, నెలసరి అడగక్కర్లేదు, సీటీ తీయాలి. మొదటి ఆరు గంటల్లో తీస్తే దాదాపు తప్పిపోదు. రోజులు గడిచాక తీస్తే సీటీలో రక్తం కనపడకపోవచ్చు, అప్పుడు నడుము దగ్గర నీరు తీసి చూడాలి.

పెద్దమ్మకేమో హార్మోన్‌తో సంబంధం లేదన్నారు. అక్కకేమో హార్మోనే అన్నారు. రెండు చోట్లా ఆ మాట అడిగిన ప్రశ్నని ముగించడానికే పనికొచ్చింది.

"తెలిసి ఏం చేయమంటావు?"

న్యూరాలజిస్టుగా పనిచేసే స్నేహితుడొకడితో ఇదంతా వెళ్ళబోసుకున్నాను. వాడు చివరిదాకా విని ఒక్క మాట అడిగాడు. "సరే, మీ పెద్దమ్మకి నలభై ఆరుకే ఆగిపోయాయని ఆయన రాసుకున్నాడే అనుకో. తెలిసి ఏం చేయమంటావు? ఆపరేషన్ చేసేయాలా? హార్మోన్ నువ్వే వద్దంటున్నావు. ఇన్‌ఫ్లమేషన్‌కి మందు లేదు. ఊరికే ఆవిడకి ఇంకో టెన్షన్ తప్ప?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరికిందని అనను. ఇన్‌ఫ్లమేషన్ మందుల సంగతే చూడండి. ఆస్పిరిన్ మీద ఆశ చాలా కాలంగా ఉంది. 2011లో, ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలోని పాత వివరాలు తిరగేస్తే, వారానికి కనీసం మూడుసార్లు ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళలో పగలడం బాగా తక్కువగా కనిపించింది. గోడలో జరిగే గొడవకి కాక్స్-2 అనే ఎంజైము ఆజ్యం పోస్తుంది, ఆస్పిరిన్ దాన్ని అణుస్తుంది, కాబట్టి కథ కుదిరింది. కానీ హార్మోన్ కథ కూడా ఇలాగే కుదిరింది కదా? పాత వివరాల్లో బాగుందనిపించి, తీరా చేసి చూస్తే తిరగబడింది. పైగా ఇది రక్తాన్ని పలచబరిచే మందు, రక్తస్రావం భయం ఉన్న జబ్బు. నేనైతే డాక్టరు చెప్పకుండా పెద్దమ్మకి ఒక్క మాత్ర ఇవ్వను.

ఫిన్‌లాండ్‌లో ఇంకో గమ్మత్తైన సంగతి బయటపడింది. పగిలిన అన్యూరిజంల గోడల్లో సగానికి పైగా నోటి బ్యాక్టీరియా డీఎన్‌ఏ దొరికింది. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో అన్యూరిజంలు ఎక్కువని కూడా అక్కడివాళ్ళే చూశారు. చిగుళ్ళు పాడైతే మెదడులో బుడగ వస్తుందని దీని అర్థం కాదు. ఒంట్లో ఒకచోట మంట రగులుతుంటే ఇంకోచోట గోడకి సెగ తగలొచ్చని మాత్రం అనుకోవచ్చు. పళ్ళు బాగు చేయించుకుంటే ఎవరికీ నష్టం లేదు కాబట్టి పెద్దమ్మని తీసుకెళ్ళాను. రెండు పళ్ళు పోయాయి. అన్యూరిజం కన్నా దానికే ఎక్కువ ఏడ్చింది.

నా స్నేహితుడికి ఇవ్వాల్సిన జవాబు దగ్గరికి వస్తే, వాడి ప్రశ్నలోనే ఒక పొరపాటుంది. చేయడానికి కొత్త మందు ఉంటేనే తెలుసుకోవాలా? గోడ లోపలి కథ తెలిశాక నాకు పాత సలహాలే వేరుగా వినపడ్డాయి. బీపీ తగ్గించమంటే ఇదివరకు ట్యూబులో గాలి తగ్గించడం అనుకున్నా. ఇప్పుడు గోడకి కబుర్లు పంపే ఆ మొదటి రాపిడిని తగ్గించడం అనుకుంటున్నా. సిగరెట్టు మానమంటే ఎప్పుడూ చెప్పేదే కదా అనుకునేదాన్ని. పొగ నేరుగా ఆ లోపలి పొరనే కాల్చి ఇన్‌ఫ్లమేషన్‌ని ఎగదోస్తుంది, అందులోనూ పొగతాగే ఆడవాళ్ళకి ముప్పు మరీ ఎక్కువని పదే పదే కనపడింది. ఈ రెండింటికీ ఉన్న ఆధారం ఇంకే మాత్రకీ లేదు. ఇవి డబ్బాలో అమ్మడానికి కుదరదు, అందుకే గ్రూపుల్లో రావు.

పైగా అడగనిదాన్ని ఎవరూ రాసుకోరు, రాసుకోనిది లెక్కకి రాదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా పాత ఫైళ్ళు తిరగేసి ఆడవాళ్ళలో ఎందుకు ఎక్కువో తేల్చాలనుకుంటే, అందులో అన్నీ మిల్లీమీటర్లే ఉంటే ఏం తేలుస్తారు? వాడికి ఈ మాట చెబితే, "అది పరిశోధన, వైద్యం కాదు," అన్నాడు. అంతటితో ఆపేశాం, ఇద్దరం ఓడలేదు.

ఆరు నెలల స్కాన్‌కి పెద్దమ్మ వేరే డాక్టరు దగ్గరికి వెళతానంది. వెళ్ళే ముందు రోజు రాత్రి ఫైలు ముందేసుకుని కూర్చుంది. మొదటి పేజీలో పేరు, వయసు కింద ఖాళీలో నీలం పెన్నుతో, వంకర అక్షరాలతో "ముట్లుడిగింది 46వ ఏట" అని రాసింది. వెనకాల బీపీ పుస్తకం, రోజుకి రెండుసార్లు, ఆరు నెలలవీ.

స్కాన్‌లో మార్పు లేదు. 5.2కి 5.2. కొత్త డాక్టరమ్మ ఫైలు తిప్పుతూ మొదటి పేజీ దగ్గర ఆగి, "ఇదెవరు రాశారు?" అన్నారు. పెద్దమ్మ తప్పు చేసినదానిలా, "నేనేనండీ," అంది. ఆవిడ కంప్యూటర్‌లో ఫారం పైకీ కిందకీ జరిపి చూశారు. దానికి గడి లేదు. కాసేపు వెతికి, చివర "ఇతర వివరాలు" అన్న చోట టైపు చేశారు.